ప్రజెంట్ పర్ఫెక్టా, పర్ఫెక్ట్ కంటిన్యూయసా: ఎలా తేల్చుకోవాలి?

‘సిన్స్’ గానీ ‘ఫర్’ గానీ కనబడితే ప్రజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ (‘హ్యావ్ బీన్ వర్కింగ్’ లాంటిది) వాడాలని మనలో చాలామందికి బడిలో చెప్పారు. పరీక్షలో ఖాళీలు పూరించడానికి ఆ సూత్రం కొంత పనికొస్తుంది. మాట్లాడేటప్పుడు, మెయిల్ రాసేటప్పుడు దాన్నే నమ్ముకుంటే మాత్రం చిక్కే, ఎందుకంటే ఆ మాటలు ప్రజెంట్ పర్ఫెక్ట్‌తోనూ (‘హ్యావ్ వర్క్డ్’ లాంటిది) వస్తాయి, అంటే రెండు టెన్సుల్లోనూ. ఏది వాడాలో తేల్చేది మీరు చెప్పదలచుకున్న విషయమే.

ముందు, మీరు చెబుతున్న కాలం ముగిసిపోయిందా చూసుకోండి. నిన్న, పోయిన వారం, 2019లో అంటుంటే ఈ రెండూ పక్కన పెట్టేయండి. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ తప్పు, ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’ ఒప్పు.

తర్వాత అసలు ప్రశ్న వేసుకోండి: నేను చెప్పేది పని ఫలితమా, పని జరిగిన తీరా? ఇంట్లో ఆవకాయకి కాయలు కొడుతున్నారనుకోండి. ‘షి హ్యాజ్ కట్ ద మ్యాంగోస్’ అంటే కాయలన్నీ కొట్టడం అయిపోయింది, ఇక ముక్కలు తుడిచి ఉప్పు, కారం, ఆవపిండి కలపొచ్చు. ‘షి హ్యాజ్ బీన్ కటింగ్ మ్యాంగోస్’ అంటే ఇంతసేపూ ఆవిడ ఆ పనిలో ఉంది. చెయ్యి నొప్పి పుడుతోందని చెప్పాలన్నా, ఫోన్ ఎందుకు తియ్యలేదో చెప్పాలన్నా ఇదే సరైన వాక్యం. కాయలు ఇంకా మిగిలాయో లేదో ఇది చెప్పదు. పని ఇప్పుడే ఆపి ఉండొచ్చు కూడా. చాలామంది కంటిన్యూయస్ అనగానే ఇప్పటికీ జరుగుతూనే ఉండాలనుకుంటారు, అది నిజం కాదు.

లెక్క చెప్పాల్సి వస్తే దారి ఇంకా తేలిక. ఎన్ని, ఎన్నిసార్లు అన్నదానికి పర్ఫెక్ట్: ‘షి హ్యాజ్ కట్ ఫార్టీ మ్యాంగోస్’, ‘ఐ హ్యావ్ కాల్డ్ యు ఫైవ్ టైమ్స్’. ఎంతసేపటి నుంచి అన్నదానికి ఎక్కువగా కంటిన్యూయస్: ‘ఐ హ్యావ్ బీన్ కాలింగ్ యు సిన్స్ దిస్ మార్నింగ్’. ‘ఐ హ్యావ్ బీన్ కాలింగ్ యు ఫైవ్ టైమ్స్’ అనకూడదు.

ఆ తర్వాత క్రియ ఎలాంటిదో చూడండి. నో (తెలిసి ఉండటం), బిలీవ్ (నమ్మడం), ఓన్ (సొంతంగా కలిగి ఉండటం), బిలాంగ్ (చెందడం) లాంటివి పనులు కావు, స్థితులు. ఎన్నేళ్లయినా వీటికి పర్ఫెక్టే: ‘ఐ హ్యావ్ నోన్ హర్ ఫర్ టెన్ ఇయర్స్’. ‘హ్యావ్ బీన్ నోయింగ్’ అనే మాట ఇంగ్లీషులో లేదు. బడి సూత్రం నిలువునా కూలిపోయేది ఇక్కడే. లివ్, వర్క్, టీచ్ లాంటి క్రియలకు ఏది వాడినా ఫర్వాలేదు, తేడా స్వల్పం. ‘ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ ట్వెంటీ ఇయర్స్’ అంటే స్థిరపడిపోయినట్టు వినిపిస్తుంది. ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ మంత్స్’ అంటే ఇది కొన్నాళ్ల ముచ్చటేమో అనిపిస్తుంది. ‘ఆల్వేస్’ చేరితే మాత్రం ‘ఐ హ్యావ్ ఆల్వేస్ లివ్డ్ హియర్’ అనే అనండి.

తెలుగువాళ్లం ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. ‘2015 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అని మనం వర్తమానంలోనే చెబుతాం కాబట్టి, ఇంగ్లీషులోనూ ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2015’ అని నోటికొచ్చేస్తుంది. ఇంటర్వ్యూ టెన్షన్‌లో అయితే మరీను. గతంలో మొదలై ఇప్పటిదాకా వచ్చిన పనికి ‘యామ్’ చాలదు, ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ కావాలి. ఈ ఒక్క వాక్యాన్ని మీ ఉద్యోగానికి, మీ ఊరికి, మీ చదువుకి మార్చి మార్చి పైకి చదవండి. నాలుకకి అలవాటు కావడమే దీనికి మందు.

చివరగా ఆఫీసు మెయిళ్లలో తరచూ దొర్లే తప్పు. ‘హ్యాజ్ బీన్’ రాసేసి ఆ తర్వాత ఏం రాయాలో తోచక ‘ద ఫైల్ హ్యాజ్ బీన్ సెండింగ్’ అంటుంటారు. ఫైల్ తనంతట తాను దేన్నీ పంపదు, దాన్ని ఎవరో పంపారు. అందుకని ‘ద ఫైల్ హ్యాజ్ బీన్ సెంట్’ అనాలి. ఇది ప్రజెంట్ పర్ఫెక్ట్‌లోనే పాసివ్ వాయిస్. పంపినవాళ్ల గురించి చెప్పాలంటే ‘వి హ్యావ్ సెంట్ ద ఫైల్’ అని రాయండి. పొద్దుటి నుంచి పంపుతూనే ఉన్నా వెళ్లడం లేదా? అప్పుడు ‘వి హ్యావ్ బీన్ ట్రైయింగ్ టు సెండ్ ద ఫైల్ సిన్స్ దిస్ మార్నింగ్’ అనండి.