చెస్ సలహా పనిచేస్తోందా? రేటింగ్ కంటే ముందు స్కోర్‌షీట్ చూడండి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా టోర్నమెంట్ హాలు బయట వినిపించే మాట ఇదే: "సార్, మావోడు రోజూ పజిల్స్ చేస్తానే ఉండాడు, రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) మాత్రం కదల్లా. ఇంకో కోచ్ ఇంకోటి చెప్తున్నాడు. ఎవర్ని నమ్మాలి?" ఉద్యోగం చేసుకుంటూ ఆడే పెద్దవాళ్లదీ ఇదే ప్రశ్న. ఎత్తులు రాయడం, గడియారంతో ఆడటం వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

సమస్య: సలహా పాటిస్తున్నా ఓటములు తగ్గడం లేదు

ఓడిన ఆటల స్కోర్‌షీట్లు, అంటే ఎత్తులు రాసుకున్న కాగితాలు, తీయండి. ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టకుండా, ఆట ఏ ఎత్తు దగ్గర చేజారిందో మీరే గుర్తుపట్టండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ పని వదిలేసి కొత్త ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల) కోర్సు కొంటున్నారు. ఆటకో గుర్రాన్ని ఊరికే ఇచ్చేసేవాడికి సిసిలియన్ ఓపెనింగ్‌లో పదిహేనో ఎత్తు నేర్పితే ఏం లాభం?

ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన టైమ్ కూడా రాయండి. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాలు దీన్ని అనుమతిస్తాయి. ఒక కుర్రాడి షీట్ చూడండి. 23వ ఎత్తులో ఏనుగును చివరి వరుస నుంచి తీసేశాడు. రాజు ముందు మూడు బంట్లూ కదలకుండా ఉన్నాయి. ప్రత్యర్థి ఏనుగు దిగింది, మాట్. 22వ ఎత్తు పక్కన 51 నిమిషాలు, 23వ ఎత్తు పక్కనా 51. అంటే చూడకుండానే వేశాడు. "ప్రత్యర్థి ఇవ్వగల చెక్‌లు, కొట్టగల పావులు చూసి అప్పుడు వేయి" అన్నదే ఇతనికి కావాల్సిన సలహా. ఇదే తప్పు రెండు నిమిషాలు మిగిలినప్పుడు జరిగి ఉంటే, టైమంతా ఎక్కడ పోయిందో చూడాలి. ఓపెనింగ్‌లోనే అరగంట పోయి ఉంటే ఓపెనింగ్ సలహాకూ విలువ ఉంటుంది.

సమస్య: "ఈ పద్ధతితో 300 పెరిగింది" అంటారు, మీకు పెరగదు

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రేటింగ్ పెరగడం నిజమే కావచ్చు, చెప్పేవాడు నిజాయితీపరుడే కావచ్చు. కానీ పెరిగింది సలహా వల్లేనా?

ముందు తేదీ అడగండి. 2024 మార్చి 1న ఫిడే 2000 లోపు స్టాండర్డ్ (ఎక్కువ టైమ్ ఉండే ఆటల) రేటింగ్‌లన్నిటినీ ఒక్కసారిగా పెంచింది. 2000కి ఎంత తక్కువ ఉంటే అందులో 40 శాతం కలిపింది. 1200 ఉన్నవాడు ఒక్క ఆట ఆడకుండానే 1520 అయ్యాడు, 1500 ఉన్నవాడు 1700 అయ్యాడు. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న అంకెలు పోల్చి చూపిస్తే అది ఏ పద్ధతికీ రుజువు కాదు.

తర్వాత వయసు అడగండి. తండ్రీకొడుకులు ఒకే టోర్నమెంట్‌లో తమ స్థాయి వాళ్లతోనే ఆరేసి ఆటలు ఆడి చెరో నాలుగు పాయింట్లు తెచ్చుకున్నారనుకోండి. కొడుక్కి రేటింగ్ 40 పెరుగుతుంది, తండ్రికి 20. పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కంటే తక్కువ రేటింగ్ ఉన్న పిల్లలకు కె విలువ (ఒక్కో ఫలితానికి రేటింగ్ ఎంత కదలాలో తేల్చే అంకె) 40. ముప్పై ఆటలు దాటిన పెద్దవాళ్లకు, 2400 చేరేదాకా, అది 20. ఇద్దరి ఆటా ఒకటే అయినా కొడుకు చదివిన పుస్తకమే గొప్పదనిపిస్తుంది. అసలు పిల్లలు ఏడాదిలో ఆడే ఆటలే ఎక్కువ.

మూడోది ఇంకా కనిపించదు. వరసగా మూడు టోర్నమెంట్లు పాడైనప్పుడే మనం కోచ్‌ని మారుస్తాం. అంత చెడ్డ దశ తర్వాత ఆట మామూలుకు రావడం సహజం. ఆ పేరు మాత్రం కొత్త కోచ్‌కి పోతుంది, పాతాయన పనికిరానివాడవుతాడు. ఇలా మంచి కోచ్‌లను వదులుకున్న పిల్లల్ని చూస్తే బాధేస్తుంది.

పరిష్కారం: సలహాను రేటింగ్‌తో కొలవకండి, అది ఏ తప్పును తగ్గిస్తానంటోందో ఆ తప్పును లెక్కపెట్టండి. సలహా మొదలుపెట్టకముందు ఆడిన ఇరవై ఆటల్లో ఊరికే పోయిన పావులెన్ని, తర్వాతి ఇరవైలో ఎన్ని? ఈలోగా ఇంకో సలహా కలపొద్దు. ఏ తప్పు తగ్గుతుందో చెప్పలేని సలహా ఎంత పెద్ద ఆటగాడు చెప్పినా పక్కన పెట్టండి.

సమస్య: ఇద్దరు మంచి ఆటగాళ్లు ఒకరికొకరు విరుద్ధంగా చెప్తున్నారు

ఎవరికి చెప్తున్నారో చూడండి. "1500 లోపు వాళ్లకు ఓపెనింగ్స్ అక్కర్లేదు" అంటే ఏ 1500? లిచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో కొత్తగా చేరినవాడి అంకె కూడా 1500తోనే మొదలవుతుంది. ఫిడే 1500తో దానికి పోలిక లేదు.

మిగతావి

టెన్త్, ఇంటర్ పరీక్షల నెలల్లో ఆట తగ్గితే సలహాను తప్పుపట్టకండి, నిద్ర చూడండి. బోర్డు మసకగా కనిపిస్తుంటే కళ్ల డాక్టర్ దగ్గరకు వెళ్లండి. కావాలని తప్పు నేర్పే కోచ్‌లు చాలా అరుదు, ఆ అనుమానంతో టైమ్ వృథా చేసుకోకండి.