నీలిరంగు నమ్మకంగా లేనప్పుడు: బంగారు నానోజైమ్‌తో పాదరసం పరీక్షలో సమస్యలు, పరిష్కారాలు

సిట్రేట్ పూత ఉన్న బంగారు నానో కణాలకు పాదరసం అయాన్లు తగిలితే, సిట్రేట్ వాటిని లోహంగా మార్చి కణం మీద చేరుస్తుంది. దాంతో కణం పెరాక్సిడేజ్ ఎంజైమ్‌లా ఇంకా చురుగ్గా పనిచేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో టీఎంబీ అనే రంగులేని రసాయనాన్ని నీలంగా మారుస్తుంది. ఇలా ఎంజైమ్‌లా పనిచేసే నానో కణాన్నే నానోజైమ్ అంటారు. డిస్టిల్డ్ వాటర్‌లో ఇది చక్కగా నడుస్తుంది. పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక ప్రాంతపు బోరు నీళ్లు పోసినప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

పాదరసం లేకున్నా నీలం వస్తోంది

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. లేని విషాన్ని ఉందని చెప్పి ఊరిని భయపెడతాం. కారణం తేల్చడానికి రెండు గొట్టాలు చాలు. మొదటిదాంట్లో నీళ్లు, బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం), టీఎంబీ మాత్రమే వేయండి. అదే నీలంగా మారితే నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను అనుమానించాలి, టీఎంబీని అది నేరుగా ఆక్సీకరిస్తుంది. రెండోదాంట్లో పెరాక్సైడ్ కూడా కలపండి, బంగారం వద్దు. అప్పుడు మాత్రమే నీలం వస్తే చాలావరకు అది ఇనుము పని.

క్లోరిన్ అయితే, నీళ్లలో దాన్ని కలపకముందే బోరు దగ్గరే శాంపిల్ పట్టండి. బ్యాక్టీరియా పరీక్షకు ఇచ్చే సీసాలు వాడకండి. వాటిలో ఉండే సోడియం థయోసల్ఫేట్ పాదరసాన్ని పట్టేసుకుంటుంది. ఇనుము అయితే, లోహాలను బంధించే ఈడీటీఏ అనే రసాయనం వేయాలనిపిస్తుంది, కానీ అది పాదరసాన్నీ బంధిస్తుంది. నీళ్లను పలుచన చేసి, బంగారం లేని గొట్టం రీడింగును తీసేయడమే మేలు.

పాదరసం కలిపినా రంగు రావట్లేదు

ముందు పీహెచ్ చూడండి. ఈ చర్య 4 దగ్గర బాగా నడుస్తుంది. నిల్వ కోసం నైట్రిక్ ఆమ్లం కలిపిన శాంపిల్ పలుచని బఫర్‌ను ముంచేస్తుంది. తర్వాత పెరాక్సైడ్ పాతదేమో చూడండి. రెండూ సరిగ్గా ఉంటే, నీళ్లలోని సేంద్రియ పదార్థం పాదరసాన్ని పట్టుకుని ఉండొచ్చు. శాంపిల్‌కే తెలిసిన మోతాదులో పాదరసం కలిపి ఎంత తిరిగి దొరికిందో చూడండి. సగమే దొరికితే ఆ నీళ్లకు డిస్టిల్డ్ వాటర్‌తో గీసిన, రంగును బట్టి మోతాదు చెప్పే గ్రాఫ్ పనికిరాదు. శాంపిల్‌లోనే కొత్త గ్రాఫ్ గీయాలి.

ఎర్రటి బంగారు ద్రావణం ఊదాగా మారింది

కణాలు ముద్దకట్టాయి. ఉప్పు, కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లలో ఇది మామూలే. శాంపిల్‌ను పలుచన చేయండి. కణాలను ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టనివ్వకండి.

నీలం పసుపు అయిపోయింది

టీఎంబీ మరీ ఎక్కువగా ఆక్సీకరణ చెందింది. నీలాన్ని 652 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం దగ్గర కొలుస్తారు, పసుపు 450 దగ్గర కనిపిస్తుంది. అందువల్ల పాదరసం ఎక్కువున్న నీళ్లకే 652 దగ్గర తక్కువ అంకె రావచ్చు. పలుచన చేసి మళ్లీ చేయండి, ప్రతిసారీ ఒకే నిమిషానికి రీడింగ్ తీసుకోండి.

అంతా బాగుంది, కానీ నీళ్లు తాగొచ్చో లేదో చెప్పలేకపోతున్నాం

తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 0.001 మిల్లీగ్రాములు, అంటే సుమారు 5 నానోమోలార్. మీ పద్ధతి అంత కిందికి చూడలేకపోతే "పాదరసం లేదు" అని రాయకండి. "ఇంత మోతాదు వరకు కనిపించలేదు" అని రాసి, అదే శాంపిల్‌ను ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ లోహాన్నీ కొలిచే పరికరం) ఉన్న ల్యాబ్‌కు పంపండి.