మంచు బరువుకు విచ్చుకుపోయిన బాక్స్‌వుడ్ పొదలను నిలబెట్టిన విధం

న్యూజెర్సీలోని మా ఇంటి ముందున్న, ఏడాది పొడవునా పచ్చగా ఉండే బాక్స్‌వుడ్ అనే అలంకార పొదలపై పైకప్పు నుండి తడిమంచు జారిపడి, కొమ్మలు నడిమికి విచ్చుకొని నేలకు వాలాయి. గడ్డకట్టిన కొమ్మలు పెళుసుగా ఉండి తేలికగా విరుగుతాయి కనుక, మంచు దానంతట అదే కరిగేవరకు వాటిని కదిలించలేదు. తరువాత వంగిన కొమ్మలను పైకి లేపి, మెత్తని జనపతాడును పొద చుట్టూ వదులుగా చుట్టి కట్టాను.

కత్తిరింపులో తొందర పనికిరాదు. విరిగి వేలాడుతున్న కొమ్మలను మాత్రమే వెంటనే తీసివేసి, ఆకులు ఎర్రబారిన వాటిని వసంతంలో చిగుళ్లు కనిపించేదాకా అలాగే ఉంచాను. ఆకు మాడినంత మాత్రాన కొమ్మ చచ్చినట్లు కాదు. గోటితో బెరడును గీరినప్పుడు లోపల పచ్చగా ఉంటే దానికి ప్రాణం ఉన్నట్లే. గోధుమరంగులో ఎండిపోయి ఉంటే, పచ్చని భాగం వచ్చేవరకు కోసివేయాలి. బాక్స్‌వుడ్ బ్లైట్ అనే శిలీంధ్ర తెగులు కత్తెర ద్వారా కూడా వ్యాపిస్తుంది కనుక, ఒక పొద నుండి మరొక పొదకు వెళ్లే ముందు కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆకులు పొడిగా ఉన్నప్పుడే పని చేశాను. ఈ జాగ్రత్తను ఎవరూ విడిచిపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ మొక్క వేర్లు పైపైనే ఉంటాయి కనుక, మొదలు చుట్టూ 2 అంగుళాల మందాన బెరడు ముక్కలు పరిచి, అవి కాండానికి తగలకుండా చూశాను. నడిమి ఖాళీలో వెలుతురు పడడంతో పాత కొమ్మల నుండే చిగుళ్లు వచ్చాయి, కానీ బాక్స్‌వుడ్ నెమ్మదిగా పెరుగుతుంది కనుక ఆ ఖాళీ పూడడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు శీతాకాలానికి ముందే పొదలను తాడుతో చుట్టి, చూరు కింద ఉన్నవాటిపై ఏటవాలుగా చెక్క పలకలు నిలబెడుతున్నాను.