డీఓబీ కలిపే ముందు ఈ లెక్క చూసుకోండి

మొక్కజొన్న రేటు ఎక్కిందంటే చాలు, బ్రాయిలర్లకు సొంతంగా దాణా కలుపుకునే రైతులు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, డీఓబీ (నూనె తీసిన తవుడు) ఎంత వేయొచ్చు?" ఫీడ్ మిల్లులో మిక్సర్ దగ్గర పనిచేసే మనిషిని, కాబట్టి ముందు లెక్కే చెప్తాను.

చివరి వారాల్లో వేసే ఫినిషర్ దాణా టన్నులో 100 కిలోల మొక్కజొన్న తీసేసి, అంతే డీఓబీ వేశారనుకోండి. మొక్కజొన్నలో కిలోకి సుమారు 3,300 కిలో కేలరీలు, డీఓబీలో దాదాపు 1,800. ఇక 3,200 ఉండాల్సిన దాణా 3,050కి దిగుతుంది. పీచు ఒక శాతం పైనే పెరుగుతుంది. కోడి తనకు కావాల్సిన శక్తి అందేదాకా తింటుంది కాబట్టి 3.5 కిలోలు తినేది ఇంకో 170 గ్రాములు తినాలి. ఎండాకాలంలో అదీ తినలేదు, బరువు తగ్గుతుంది. ఆ లోటు నూనెతో పూడ్చాలంటే, అంత మేరకు మొక్కజొన్న తగ్గించి, టన్నుకి 27 కిలోల నూనె పోయాలి. దాని ఖరీదు విన్నాక చాలామంది ఇక డీఓబీ మాటెత్తరు.

పోనీ అని ప్రోటీన్ సంగతి చూడకుండా నూనె గుమ్మరిస్తే పొట్టలో కొవ్వు పేరుకుంటుంది.

పిల్లలకు మొదటి రోజుల్లో వేసే ప్రీస్టార్టర్‌లో డీఓబీ వద్దే వద్దు. ఫినిషర్‌లో 3 నుంచి 5 శాతం చాలు, మొత్తం పీచు 5 శాతం దాటకూడదు. కొనేటప్పుడు గ్లాసు నీళ్లలో గుప్పెడు వేసి కలపండి. ఊక కలిపి ఉంటే పైకి తేలుతుంది. నూకలు దొరికితే ఇంకా మంచిది, శక్తి మొక్కజొన్నకు దగ్గరగానే ఉంటుంది. మొక్కజొన్న తగ్గించాక కాళ్లు, చర్మం పాలిపోయినట్టు కనిపిస్తే కంగారు పడకండి, చాలాసార్లు అది రోగం కాదు, మొక్కజొన్నలోని పసుపు రంగు తగ్గిందంతే.

అలాగని పీచు బొత్తిగా లేకపోయినా ఇబ్బందే. చనిపోయిన కోడిని కోసినప్పుడు కందనకాయ వేళ్లతో నొక్కి చూడండి. కండ పట్టి గట్టిగా ఉండాలి. సంచిలా వదులుగా జారిపోతుంటే పీచు తక్కువైందో, దాణా మరీ మెత్తగా ఆడించారో అన్నమాట. మిల్లు జల్లెడ మార్చి కాస్త బరకగా ఆడించండి.

దాణా మార్చాక వారం వారం 50 కోళ్లు తూకం వేయండి. ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకి తిన్న దాణా) 1.6 నుంచి 1.7కి వెళ్తే 2 కిలోల కోడికి 200 గ్రాముల దాణా అదనం. బస్తా మీద మిగిలిన డబ్బులు దానికి సరిపోకపోతే వెంటనే పాత ఫార్ములాకి వచ్చేయండి.