కండరాల ముడులు, చేతివేళ్ల వైద్యం – 4వ పాఠం: మీరు నొక్కింది ఎముకను

ఈసారి పిక్కల ముడుల గురించి చెప్పాలనుకున్నాను. కండరంలో బిగుసుకుపోయిన ముడిని వేళ్లతో నొక్కి వదిలించడం గురించి చెప్పిన పోయిన పాఠం తర్వాత వచ్చిన ఫిర్యాదులు చూశాక మానుకున్నాను. "వారం నొక్కాను, ముడి కరగలేదు, చర్మం కమిలింది" అని చాలామంది రాశారు. ఒకరు ఫొటో కూడా పంపారు. కమిలిన మచ్చ సరిగ్గా భుజం వెనక ఉండే రెక్క ఎముక పైమూల మీద ఉంది. అయ్యా, ఎముక ఏడాది నొక్కినా కరగదు!

వేళ్లు అక్కడికే ఎందుకు పోతాయో చెబుతాను. జగిత్యాలలో బీడీలు చుట్టే ఒకామె నా దగ్గరికి వచ్చారు. ఒడిలో చాట, రోజంతా వంచిన తల. మెడలోని పై నాలుగు వెన్నుపూసల నుంచి దిగే కండరం ఒకటి ఆ ఎముక మూలకే అతుక్కుని ఉంటుంది. తల వంగినంతసేపూ అది సాగి, బిగిసి ఉంటుంది. నొప్పి ఎముక మూల దగ్గర తెలుస్తుంది. ముడి మాత్రం అక్కడికి రెండు వేళ్ల పైన, మెడ భుజంతో కలిసే ఒంపులో దొరికింది. నొప్పి ఒకచోట, దాని కారణం ఇంకోచోట అని అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యం చేసిన డాక్టర్ జానెట్ ట్రావెల్ ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ హమాలీలదీ ఇదే కథ, బస్తా బరువు వల్ల.

తేడా ఎలా తెలుస్తుంది? నులక మంచం గుర్తు చేసుకోండి. ముడి పడిన కండరం బిగిసిన నులక తాడులా ఉంటుంది, అడ్డంగా రుద్దితే వేలి కింద దొర్లుతుంది. ఎముక మంచం పట్టె. దొర్లదు, మెత్తబడదు. అనుమానముంటే ఆ వైపు చేతిని వీపు వెనక్కి మడవమనండి. ఎముక మూల వేలి కింద నుంచి పక్కకు జరిగిపోతుంది.

నొక్కడం మీకు తెలిసిందే: నొప్పి పదికి ఆరు దాటకూడదు, నిమిషం మించకూడదు. నూనె వద్దు, వేలు జారుతుంది. అమ్మమ్మలకు కోపం వచ్చినా సరే. నేనైతే బొటనవేలు కూడా వాడను, మేజోడులో టెన్నిస్ బంతి వేసి గోడకు ఆనుకుంటాను. మెడ ముందు భాగం జోలికి వెళ్లవద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు, చేయి తిమ్మిరెక్కేవారు ముందు డాక్టరును కలవాలి. కమిలినచోట రంగు పూర్తిగా పోయేదాకా వేలు పెట్టవద్దు.

అభ్యాసం: ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు కలిపి పదిమంది. కళ్లు మూసుకుని తడమండి, నొక్కవద్దు. ఎముకో ముడో ముందు చెప్పి, తర్వాత చేయి మడిపించి సరిచూసుకోండి. పదికి తొమ్మిది సరిపోతేనే పిక్కల పాఠానికి రండి.