గెలిచే ట్రైనర్‌కి గెలుపు ఆగిపోతే: ఎక్కడ వెతకాలి, దేన్ని ముట్టుకోకూడదు

నెల రోజులుగా లాయంలోంచి ఒక్క రేసు గుర్రమూ గెలవలేదంటే అందరి నోటికీ ముందుగా వచ్చే మాట వైరస్. ఓనర్లకి చెప్పుకోవడానికి సులువు, ఎవరినీ వేలెత్తి చూపక్కర్లేదు. కొన్నిసార్లు నిజం కూడా అవుతుంది. నేను అసిస్టెంట్ ట్రైనర్‌గా ఉన్నన్నాళ్లూ లాయం రికార్డులు రాసే పని నాదే. అందుకని వైరస్ అనే మాట వినబడగానే నా చెయ్యి ఆ పుస్తకం మీదికి పోతుంది. గుర్రం ఎంత తేడాతో ఓడింది, రేసులో ఏ చోట చేతులెత్తేసింది, తిరిగొచ్చాక ఎలా తింది అనేవి వరసగా రాసి ఉంటే కారణం చాలామటుకు అందులోనే కనబడుతుంది. అవి రాయని లాయానికి ఎంత పెద్ద డాక్టర్ వచ్చినా ఊహించి చెప్పాల్సిందే.

ముందు, గెలుపు నిజంగా ఆగిందా అన్నది తేల్చుకోవాలి. ఒక గుర్రాన్ని ఒక రేసులో దింపితే అది ఒక పరుగు. నూటికి 15 పరుగులు గెలిపించేవాడు మంచి ట్రైనరే. అతను సీజన్‌లో 200 పరుగులు పెట్టాడనుకుందాం. గుర్రాలన్నీ నిక్షేపంగా ఉన్నా ఆ సీజన్‌లో ఎక్కడో ఒకచోట వరసగా 20 ఓటములు తగలడం మామూలు విషయం. 30 వరస ఓటములు కూడా ఐదారు సీజన్లకి ఒకసారి ఏ కారణమూ లేకుండానే రావచ్చు. 40 దాటితే మాత్రం ఊరికే జరిగిందనుకోవడం కష్టం. చిన్న లాయాలని ఈ లెక్క ఇంకా ఎక్కువ భయపెడుతుంది. నెలకి ఎనిమిది పరుగులు పెట్టేవాడికి రెండు నెలలు గెలుపు లేకపోతే జనం గుసగుసలు మొదలెడతారు గానీ, ఆ పదహారు పరుగుల్ని బట్టి జబ్బు ఉందని చెప్పలేం.

దీనికన్నా పదునైన పరీక్ష ఒకటుంది. ఆ పరుగుల బెట్టింగ్ ఆడ్స్ తీసి, ఒక్కో గుర్రానికి ఉన్న అవకాశం రాయండి. 4-1 గుర్రానికి ఐదింట ఒకటి, 9-1 గుర్రానికి పదింట ఒకటి. అన్నీ కూడండి. పందేలు కట్టించుకునే బుక్‌మేకర్ తన లాభం అందులో కలుపుకునే ఉంటాడు కాబట్టి వచ్చిన మొత్తంలో కొంత కోసేయండి. 30 పరుగులకి ఐదారు గెలుపులు రావాల్సి ఉండి ఒక్కటే వచ్చిందంటే గుర్రాలు తమ స్థాయికి తగ్గి పరిగెడుతున్నాయి. ఒళ్లు, ఊపిరి, దాణా, ట్రాక్ వైపు వెతకాలి. అసలు రావాల్సినవే రెండు అయి, ఒకటి వచ్చిందనుకోండి, గుర్రాలకి ఏ రోగమూ లేదు, అవి అంతటివే. అప్పుడు డాక్టర్‌ని పిలవడం డబ్బు దండగ.

తర్వాత రేసు వీడియోలు. ఓడిన ప్రతి గుర్రం పేరు పక్కన నేను మూడు గుర్తుల్లో ఒకటి వేసేదాన్ని. రెండు లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) లోపు ఓడినవాటికి ఒక గుర్తు. ఇవి ఎక్కువగా ఉంటే ఏమీ మార్చకుండా ఓపిక పట్టడమే పని. గేటు నుంచే మనసు లేకుండా కదిలి, సగం దూరం నుంచే జాకీ చేత తోయించుకున్నవాటికి ఇంకో గుర్తు. వీటిలో నొప్పి, అతిగా చేయించిన పని, కడుపులో పుండ్లు ఎక్కువగా బయటపడతాయి. మూడో గుర్తు అన్నిటికన్నా ముఖ్యం. చివరి 400 మీటర్ల దాకా జాకీ చేతులు కదపకుండా హాయిగా వచ్చి, వేగం అడగగానే పది అంగల్లో ఖాళీ అయిపోయే గుర్రాలవి. ఇది చాలాసార్లు ఊపిరి సంగతి: శ్వాసనాళంలో శ్లేష్మం, వైరస్ వదిలిన నీరసం, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం. అప్పుడప్పుడు గుండె లయ తప్పడం కూడా ఉంటుంది. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. దౌడులో ఒక్కో అంగకి ఒక్కో శ్వాస మాత్రమే. దారి కాస్త ఇరుకైనా నడకలో, ట్రాటింగ్‌లో తెలియదు. పొద్దున పనిలో కూడా తెలియకపోవచ్చు, ఎందుకంటే అక్కడ దాన్ని ఎవరూ పూర్తిగా అడగరు.

మూడో గుర్తు ఒకటి రెండు గుర్రాలకే ఉంటే అది ఆ గుర్రాల సొంత గొడవ. లాయంలో పక్కపక్కన గదుల్లో ఉన్నవాటికి వరసగా పడుతుంటే ఆ వరస దగ్గరికే వెళ్లండి. తెల్లవారకముందు, పై తలుపులు తెరవకముందు వెళ్లి, గుర్రం పడుకున్నప్పుడు దాని ముక్కు ఉండే ఎత్తుకి వంగి గాలి పీల్చండి. అమ్మోనియా ఘాటుకి మీ కళ్లు మండితే రాత్రంతా గుర్రం పీల్చింది అదే. ఎండుగడ్డి మోపు విప్పి వెలుతురులో దులపండి. పొగలా దుమ్ము లేస్తే అందులో బూజు కూడా ఉంటుంది. శిక్షణలో ఉన్న చిన్న వయసు గుర్రాల్లో ఈ దుమ్ము వల్ల వచ్చే తేలికపాటి ఆస్తమా చాలా సాధారణం. దగ్గు ఉండాలనేం లేదు. గడ్డి నానబెట్టి గానీ, ఆవిరి పట్టించి గానీ పెట్టడం, గుర్రాన్ని బయటికి తీశాకే గది శుభ్రం చేయడం లాంటి చవక పనులతో బాగుపడే లాయాలు ఉంటాయి. ముందు ఇవి చేయకుండా అందరికీ యాంటీబయాటిక్స్ కొట్టించడం నాకు చిరాకు తెప్పించే అలవాటు.

వైరస్‌నీ పద్ధతిగానే వెతకాలి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం టెంపరేచర్ 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. రోజూ పొద్దునా సాయంత్రం ఒకే వేళకి, పనికి ముందే చూసి రాయాలి. హెర్పిస్ వైరస్ సోకాక రెండు నుంచి పది రోజుల్లో జ్వరం కనబడుతుంది. అది ఒక్క సాయంత్రమే ఉండి పోవచ్చు, పొద్దున మాత్రమే చూసే లాయానికి చిక్కదు. చాలా గుర్రాలకి ఈ వైరస్ చిన్నప్పుడే సోకి ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది. దూరప్రయాణం, లాయం మారడం, అలసట లాంటివి దాన్ని లేపుతాయి. అందుకే కొత్త గుర్రం వచ్చిన తేదీ, పెద్ద ప్రయాణాల తేదీలు గెలుపు ఆగిన తేదీ పక్కన పెట్టి చూడండి. టీకా వేయించాం కదా అని ధీమాగా ఉండకూడదు. 2019 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో టీకా వేసిన గుర్రాలకే ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఆరు రోజులు రేసులన్నీ ఆపేశారు.

రక్తపరీక్ష ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. ఊపిరి బాగోలేని గుర్రానికి రక్తం శుభ్రంగా రావడం నేను చూస్తూనే ఉన్నాను. అమిలాయిడ్ ఏ అనే ప్రొటీన్ ఒంట్లో వాపు మొదలైన రోజులోపే పెరుగుతుంది, ఫైబ్రినోజెన్ అనే ఇంకో ప్రొటీన్‌కి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి ఏ రోజు తీశారన్నది ముఖ్యం. గుర్రం బాగా గెలుస్తున్నప్పటి రిపోర్టు ఉంటే దాంతోనే పోల్చాలి. పుస్తకంలోని సగటు అంకెలు ఆ తర్వాతే. గట్టి గ్యాలప్ (ప్రాక్టీసు దౌడు) అయిన కాసేపటికి ముక్కులోంచి ఎండోస్కోపు కెమెరా వేయించి, శ్వాసనాళం కడిగిన నీళ్లని ల్యాబ్‌కి పంపడం నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగ్గది. ఆ రోజు పరీక్షించే గుర్రాల్లో బాగా పరిగెడుతున్న దాన్ని కూడా ఒకటి కలపండి. దానికీ అదే శ్లేష్మం ఉంటే ఓటమికి కారణం వేరే ఎక్కడో ఉండొచ్చు. 2024లో బ్రిటన్‌లో చెల్టెన్‌హామ్ రేసుల పండగకి ముందు ట్రైనర్ నికీ హెండర్సన్ దగ్గర ఉన్న కాన్‌స్టిట్యూషన్ హిల్ అనే గుర్రం ఒక గ్యాలప్‌లో నిరాశపరిచింది. స్కోపు వేస్తే శ్లేష్మం కనబడింది. ఆ పండగలోని ఛాంపియన్ హర్డిల్ రేసు నుంచి తప్పించారు. ఆ లాయంలో మిగతా గుర్రాలు కూడా బాగా పరిగెత్తకపోయేసరికి జాన్‌బన్, షిష్కిన్‌లని కూడా ఆపేశారు. అంత పెద్ద గుర్రాల్ని అంత పెద్ద రేసుల ముందు ఆపడానికి గుండె ధైర్యం కావాలి.

దాణా గురించి ఒక్క మాట: తొట్టిలో మిగిలిందెంతో రాత్రి సైసుని, అంటే గుర్రాల్ని చూసుకునే మనిషిని అడగండి. ట్రైనర్ కన్నా అతనికే ముందు తెలుస్తుంది. కొత్త బస్తాల లాట్ ఎప్పుడు మొదలైందో, నాడాలు కొట్టే మనిషి ఎప్పుడు మారాడో, ట్రాక్ మీద కొత్త ఇసుక ఎప్పుడు పోశారో తేదీలు రాసుకోండి. వారానికోసారి బరువు చూడండి. రేసు తర్వాత పది పదిహేను కిలోలు తగ్గిన గుర్రం వారమైనా తిరిగి పుంజుకోకపోతే మళ్లీ ఎంట్రీ ఇవ్వొద్దు.

ఇక ఒంటికి సంబంధం లేని కారణాలు. బ్రహ్మాండమైన సీజన్ తర్వాతి సీజన్ నీరసంగా ఉండడంలో వింతేం లేదు. ఏ గుర్రం ఎంత బరువు మోయాలో తేల్చే అధికారి హ్యాండికాపర్. గెలిచిన ప్రతి గుర్రానికీ అతను రేటింగ్ పెంచుతాడు, దాంతో మోయాల్సిన బరువూ పెరుగుతుంది. మైలు రేసులో ఒక లెంగ్త్ అంటే సుమారుగా ఒక కిలో లెక్క. పోయినేడు అర లెంగ్త్‌తో గెలిచిన గుర్రం ఈ ఏడు నాలుగు కిలోలు ఎక్కువ మోస్తే మూడు నాలుగు లెంగ్త్‌ల వెనక ఉంటుంది, అదీ పోయినేటి అంత బాగానే పరిగెత్తి. పైగా రేటింగ్ పెరిగినంత చురుగ్గా తగ్గదు. టైమింగ్‌లు పోయినేటి లాగే ఉండి స్థానాలు మాత్రం పడిపోతుంటే ఇదే కారణం. దీనికి మందు రేసుల ఎంపిక. ఎంట్రీలు చూసే మనిషి ఈ మధ్యే మానేశాడా అని అడగండి. నాకు తెలిసి బయటివాళ్లు ఎప్పుడూ అడగని ప్రశ్న ఇది. హెడ్ సైసు వెళ్లిపోయినా అంతే. ఏ గుర్రం కాలు పొద్దున్నే వేడిగా ఉందో చేత్తో పట్టి చెప్పగల మనిషి పోతే, ఆ లోటు రేసు ఫలితాల్లో కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికి ఆయన వెళ్లిన సంగతే అందరూ మర్చిపోతారు.

గుర్రాలే పోవడం ఇంకో కారణం. హెన్రీ సెసిల్ బ్రిటన్‌లో పదిసార్లు ఛాంపియన్ ట్రైనర్. 1995లో దుబాయ్ రాజకుటుంబానికి చెందిన ఓనర్ షేక్ మొహమ్మద్ తన గుర్రాలన్నీ ఆయన దగ్గర్నుంచి తీసుకెళ్లిపోయారు. తర్వాత 2000లో కవల సోదరుడు చనిపోయారు. సొంత ఆరోగ్యం, కుటుంబ సమస్యలు తోడయ్యాయి. 2005లో ఆయనకి దక్కినవి 12 గెలుపులే. పని మర్చిపోయాడన్నారు, కాలం దాటిపోయిందన్నారు. 2007లో లైట్ షిఫ్ట్ అనే గుర్రంతో ఓక్స్ అనే పెద్ద రేసు గెలిచాడు. 2010 నుంచి 2012 దాకా ఫ్రాంకెల్‌ని 14 రేసుల్లో దింపి 14 గెలిపించాడు. ఆయన చెయ్యి మారిందని నేననుకోను. చేతికొచ్చిన గుర్రాలు మారాయి, మనిషి కాస్త తేరుకున్నాడు. ఓనర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గుర్రాల్ని తీసుకెళ్లిపోయే ముందు ట్రైనర్ ఒంటి సంగతి, ఇంటి సంగతి కూడా ఒకసారి వాకబు చేయండి. నెల జీతాలు, బిల్లులు ఆగవు నిజమే, గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు కదా. అయినా కారణం తెలియకుండా లాయం మారిస్తే అదే శ్లేష్మంతో ఇంకో లాయానికి చేరుతుంది గుర్రం.

చెడ్డ కారణం కూడా ఒకటుంది. మందుల నిబంధనలు బిగిసిన నెలలోనే, పరీక్ష కొత్తగా వచ్చిన నెలలోనే ఒకరి గెలుపులు ఆగితే ఆ పాత గెలుపుల మీద అనుమానం వస్తుంది. 2020 మార్చిలో అమెరికాలో డోపింగ్ కేసులో అరెస్టయిన జార్జ్ నవారో అప్పటిదాకా పేరున్న ట్రైనరే. తర్వాత నేరం ఒప్పుకున్నాడు, ఐదేళ్ల శిక్ష పడింది. కానీ తేదీలు కలిశాయన్నంత మాత్రాన ఎవరినీ దొంగ అనకూడదు.

ఇప్పుడు ట్రైనర్‌కే చెప్తున్నా. టెన్షన్‌లో చేసే పనులే ఈ గడ్డుకాలాన్ని పొడిగిస్తాయి. పని పెంచడం అందులో మొదటిది. ఊపిరి బాగోలేని గుర్రానికి గ్యాలప్‌లు పెంచితే మూడు వారాల్లో తగ్గేది మూడు నెలలు పట్టొచ్చు. జాకీని, దాణాని, నాడాలని, ట్రాక్‌ని ఒకే వారంలో మార్చేస్తే గెలుపు వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. ఒక్కటి మార్చి, మూడు వారాలు చూసి, రాసి, ఆ తర్వాత రెండోది.

వైరస్ అని తేలితే ఎంట్రీలన్నీ వెనక్కి తీసుకోండి. ఎన్ని రోజులు జ్వరం ఉందో అన్ని వారాలు విశ్రాంతి అనేది పాత లెక్క, నేటికీ పనికొస్తుంది. ఒక్కరోజే జ్వరం ఉన్నా మూడు వారాలకి తగ్గించొద్దు, శ్వాసనాళపు లోపలి పొర తిరిగి పెరగడానికి కనీసం అంత పడుతుంది. ఓనర్లకి ఆ రోజే ఫోన్ చేసి, స్కోపు రిపోర్టు పంపి, ఎప్పటిదాకా ఆపుతున్నారో చెప్పండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు స్టార్ గుర్రాన్ని ముందు పంపొద్దు. ఎప్పుడూ ఒకేలా పరిగెత్తే, రేటింగ్ ఎంతో అందరికీ తెలిసిన మామూలు గుర్రాన్ని దాని స్థాయికి తగిన రేసులో పెట్టండి. గెలవక్కర్లేదు, చివరి 400 మీటర్లు తన మామూలు పరుగు పరిగెడితే చాలు. ఆ రాత్రి తొట్టి ఖాళీ చేసిందా, రెండు రోజులు టెంపరేచర్ నిలకడగా ఉందా, మర్నాడు స్కోపు శుభ్రంగా ఉందా చూసుకుని, అప్పుడు మిగతావాటికి ఎంట్రీలు ఇవ్వండి.