ముఖానికి మూలికల పొడి పూసే ముందు

చెన్నైలో ఏ నాట్టు మరుందు కడైకి (నాటు మందుల దుకాణానికి) వెళ్లినా కస్తూరి పసుపు, వట్టివేరు, కచ్చూరాలు, బావంచాలు దొరుకుతాయి. పూసుకునే ముందు ఇవి చూసుకోండి.

బావంచాలు: అసలు జాగ్రత్త ఇక్కడే. సున్నిపిండిలో కొందరు వీటిని అలవాటుగా కలిపేస్తారు. వీటిలోని సొరాలెన్ అనే రసాయనం వల్ల చర్మం ఎండకు తట్టుకోలేదు. బొల్లి చికిత్సలో వాడేది ఈ గుణం కోసమే. పూసుకుని మధ్యాహ్నం బయటికి వెళ్తే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడొచ్చు. వైద్యుడు చెప్పకుండా ముఖానికి వద్దే వద్దు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్లినా ఇదే ప్రమాదం.

ముందు పరీక్ష: మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి 24 నుంచి 48 గంటలు ఆగండి. దురద, మంట, ఎరుపు వస్తే ఆ పొడి మీకు పడదు. పెళ్లికి ముందురోజు కొత్త పొడి మొదలుపెట్టి టెన్షన్ పడకండి, తల్లీ!

కొనేటప్పుడు: ప్యాకెట్ మీద లైసెన్స్ నంబరు, గడువు తేదీ ఉండాలి. విడిపొడి కన్నా దినుసులు కొని, ఎండబెట్టి మర పట్టించుకోవడం మేలని నా నమ్మకం.

పుండ్లు, చీము మొటిమల మీద పూయొద్దు. గర్భిణులు, స్టెరాయిడ్ క్రీములు వాడేవారు ముందు డాక్టర్‌ని అడగాలి.

పొడి డబ్బాలో తడి చెంచా పెట్టకండి, బూజు పడుతుంది.